ఖాళీ ఇంటి తలుపుకి పలక

ఎగాన్ ష్వెంక్ గురించి ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా మంచివాడనే చెబుతారు. చెప్పి ఒక నిట్టూర్పు కూడా విడుస్తారు. మంచితనంతో పాటు ఆయన దగ్గర నీతులు కూడా పుష్కలం మరి. రొట్టెల కొట్లో బ్రెట్సెల్ కొనుక్కోవడానికి నిలబడ్డ మనిషిని పట్టుకుని, నీ కంప్యూటర్‌కి అప్‌డేట్ పెట్టుకున్నావా లేదా అని నిలదీసే రకం. లేదన్నాడా, ఇక ఆ పూటకి వాడి పని అయిపోయినట్టే. వెనకాల వరుసలో వాళ్ళంతా ఉసూరుమంటూ నిలబడాల్సిందే.

పగలు మునిసిపాలిటీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. అది పొట్టకూటికి. ప్రాణమంతా కెర్నెల్ మీదే. కంప్యూటర్‌లో కనిపించే హంగులన్నీ ఇల్లయితే కెర్నెల్ దాని పునాది. ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది కలిసి రాస్తూ, ఒకరి తప్పులొకరు ఎత్తిపొడుచుకుంటూ దిద్దుకునే పునాది అది. అందులో ఒక మారుమూల మన ఎగాన్ రాసిన డ్రైవర్ ఉంది. డ్రైవరంటే బండి తోలేవాడు కాదులెండి. ఫలానా సామానుతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే చిన్న ప్రోగ్రాం. ఎగాన్ డ్రైవర్ కాటాతో మాట్లాడుతుంది. ఆపిళ్ళు, బంగాళాదుంపలు తూచే కాటాతో.

ఆ కాటాలు ఆ ఊరివే. ఒకప్పుడు ఊరి చివర కాటాల ఫ్యాక్టరీ ఉండేది. ఎగాన్ తండ్రి అందులోనే చేశాడు, ఎగాన్ కూడా అందులోనే చేశాడు. కాటాని కంప్యూటర్‌కి కలిపే కార్డు ఒకటి తయారు చేశారు. ఫ్యాక్టరీ చేసిన ఆఖరి సరుకు అదే. తర్వాత గేటుకి తాళం పడింది, పొగగొట్టం కూల్చేశారు, ఇప్పుడక్కడ సోఫాల గోడౌన్ ఉంది. ఆ ఫ్యాక్టరీ ఉండేదని చెప్పడానికి లోకంలో మిగిలింది, ఎగాన్ లెక్కలో, తన డ్రైవర్ మొదటి వరసలే. వాటిలో ఫ్యాక్టరీ పేరు, దాని కింద ఆయన పేరు ఉంటాయి. ఈయన మా పెళ్ళిరోజు మర్చిపోతాడు గానీ డ్రైవర్ కెర్నెల్‌లో చేరిన రోజు మాత్రం ఏటా కేకు కోస్తాడు అని ఆయన భార్య రోస్‌విటా ఊరంతా చెప్పుకుంటుంది. అది అబద్ధమేమీ కాదు.

ఆపిళ్ళు రాలే కాలంలో ఓ పొద్దున్న ఈమెయిల్ వచ్చింది. కెర్నెల్ వాళ్ళకి అందరూ చూసేలా ఒక మెయిల్ చావడి ఉంటుంది. పొగడ్త అయినా తిట్టు అయినా అక్కడే, పదిమందిలోనే. కాటాల డ్రైవర్ ఉన్న విభాగానికి పెద్ద ఫెమ్కె అని ఒకామె, గ్రోనింగెన్ అనే ఊళ్ళో ఉంటుంది. మాట పొదుపు, చేత చురుకు. ఆమె రాసిందేమంటే, ఈ డ్రైవర్ కొత్త కంపైలర్‌తో బిల్డ్ కావడం లేదు, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారడం లేదు, పైగా ఒకసారి వదిలేసిన మెమరీని మళ్ళీ పోయి ముట్టుకుంటోందని పరీక్షల్లో తేలింది, దీన్ని వాడేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, లేకపోతే తీసేస్తున్నాను అని. తీసేసే ప్యాచ్, అంటే కెర్నెల్‌లో చేయాల్సిన మార్పు, కిందనే తయారుగా ఉంది.

ఎగాన్ కాఫీ అలాగే వదిలేశాడు. వాడేవాళ్ళున్నారు అని వెంటనే జవాబు రాశాడు. ఫెమ్కె మర్యాదగానే తిప్పికొట్టింది. రాసినవాడి మాట లెక్కలోకి రాదు, కాకిపిల్ల కాకికి ముద్దు, బాగుచేసి పంపండి, మీరు కాక ఇంకొకరెవరైనా నిజమైన కాటా మీద పరీక్షించి, తమ పేరుతో తాము చావడిలో చెప్పాలి, అలాగైతే ఉంచుతాను అంది.

అన్యాయమేమీ కాదు. ఈ నియమాన్ని కొత్తవాళ్ళకి బోధించింది ఎగానే. దీనికంటే ఆయన పెద్ద బోధ ఇంకొకటుంది. ప్యాచ్ పంపేముందు బిల్డ్ చేసి చూసుకోండర్రా, చూసుకోకుండా పంపేవాడు చేతులు కడుక్కోకుండా పిండి కలిపేవాడు అని. ఈ మాటని చావడిలో ఎన్నిసార్లు వల్లించాడో, కుర్రకారు దాన్ని కప్పుల మీద అచ్చేయించుకున్నారు. ఎగాన్‌కీ ఒక కప్పు పంపారు. అందులోనే కాఫీ తాగుతాడు.

చెప్పేవి శ్రీరంగ నీతులే. ఆ రోజు కంగారులో బిల్డ్ కాకపోవడానికి కారణం కనిపెట్టాడు, అదొక్క వరస. మెమరీ తప్పు కూడా కనిపెట్టాడు, అదింకో వరస. రెండు వరసలకి బిల్డ్ ఎందుకు, నేనేమన్నా నిన్న మొన్నటి వాణ్ణా అనుకుని పంపేశాడు. పంపి, కుర్చీలో వెనక్కి వాలి, కప్పెత్తాడు.

చావడికి ఒక రోబో కాపలా ఉంటుంది. వచ్చిన ప్రతి ప్యాచ్‌నీ రకరకాల యంత్రాలకీ, రకరకాల అమరికలకీ బిల్డ్ చేసి చూడటమే దాని పని. ఎక్కడ ఆగినా పేరుపెట్టి అందరికీ మెయిల్ కొడుతుంది. దానికి వయసూ తెలియదు, మొహమాటమూ తెలియదు. ఎగాన్ ప్యాచ్ ఎక్కడో ఒక చోట ఆగడం కాదు, ఎక్కడా బిల్డ్ కాలేదు. వరస చివర పెట్టాల్సిన చిన్న గుర్తు, సెమీకోలన్, మర్చిపోయాడు. రోబో మెయిల్ మీద మెయిల్ కొట్టింది, చావడి అంతా చదివింది. ఒక కుర్రవాడు మాటేమీ రాయకుండా కప్పు ఫోటో మాత్రం పెట్టాడు.

ఎగాన్ ఆ సాయంత్రం భోజనం దగ్గర మాంసం కూరిన మౌల్టాషెని ఫోర్కుతో పొడుస్తూ కూర్చున్నాడు, తినలేదు. రోస్‌విటా మొదట నవ్వింది, తర్వాత ఆయన మొహం చూసి మానేసింది.

"సెమీకోలన్ పెట్టి మళ్ళీ పంపు. అంతేగా," అంది.

"పంపాను. ఇప్పుడు పరీక్షించే మనిషి కావాలి. నా కార్డు మొన్న పొగొచ్చి చచ్చిందిగా."

"ఆ కార్డు ఉన్న మనిషి కింద వాటాలోనే ఉందిగా ఎగాన్."

"తెలుసు," అన్నాడు ఎగాన్. తెలుసు కాబట్టే ముద్ద దిగడం లేదు.

కింద వాటాలో గెర్లిండె మెర్క్లె ఉంటుంది. పెరటి కొట్టంలో ఆపిల్ గానుగ నడుపుతుంది. ఊళ్ళో తోటలున్నవాళ్ళంతా గోనెసంచులు తెచ్చి, తూచి, రసం తీయించుకుని పోతారు. కాటా ఫ్యాక్టరీదే, కార్డు ఫ్యాక్టరీదే, కంప్యూటర్ పెట్టిచ్చింది ఎగానే. కానీ వసంతం నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఎదురుపడితే ఆవిడ గోడ వైపు చూస్తుంది, ఈయన తాళంచెవులు చూసుకుంటాడు.

కారణం పలక. ఆ ఇంట్లో, ఆ వీధిలో అన్ని ఇళ్ళలో లాగే, ఊడ్పు వారం అనే వంతు నడుస్తుంది. పలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మెట్లు, సెల్లారు, ఇంటి ముందు రోడ్డు వాళ్ళు ఊడవాలి. ఊడ్చాక పక్కవాళ్ళ తలుపుకి తగిలించాలి. మెర్క్లె తర్వాత ష్వెంక్, ష్వెంక్ తర్వాత పై వాటా బూరల మాస్టారు, ఆయన తర్వాత మళ్ళీ మెర్క్లె. వసంతంలో బూరల మాస్టారు ఇల్లు ఖాళీ చేశాడు. సోఫా దించడానికి ఎగాన్ ఒక చేయి వేశాడు కూడా. ఆ శనివారమే తన వంతు ఊడ్చి, పలక తీసుకుపోయి ఆ ఖాళీ ఇంటి తలుపుకే తగిలించి వచ్చాడు. వరస అంటే వరసే కదా అని.

ఇంకొకరి తలుపు మీద పలకని ముట్టుకోవడం ఆ ఇంట్లో మహాపాపం. కాబట్టి పలక అక్కడే వేలాడింది. మెట్ల మీద మట్టి పేరుకుంది. మెర్క్లె గారు రోజూ ఆ మట్టిలోంచే పళ్ళు కొరుకుతూ నడిచింది గానీ చీపురు పట్టలేదు, వంతు రాలేదు గనక. ఎగాన్ కూడా పట్టలేదు, వంతు అయిపోయింది గనక. చివరికి ఇంటి యజమాని వచ్చి జారిపడబోయి ఇద్దరినీ కలిపి చివాట్లు పెట్టి, పలక కిందికి దించాడు. తన జన్మలో మురికి మెట్ల గురించి మాటపడ్డది అదే మొదటిసారని, అది ష్వెంక్ పుణ్యమేనని మెర్క్లె గారు వీధంతా చెప్పింది.

అలాంటి తలుపు ముందు మర్నాడు ఎగాన్ నిలబడ్డాడు. చేతిలో రోస్‌విటా చేసిన ప్లమ్ కేకు. తలుపు తీసిన ఆవిడ కాళ్ళకి రబ్బరు బూట్లు, నడుముకి తడి ఆప్రాన్. కేకు చూసింది, మనిషిని చూసింది, లోపలికి రమ్మనలేదు. ఎగాన్ నీళ్ళు నములుతూ సంగతంతా చెప్పాడు.

"మీ డ్రైవర్ పీకేస్తే నాకొచ్చే నష్టమేంటి ష్వెంక్ గారూ?"

"కొత్త కెర్నెల్ వచ్చాక కాటా పనిచేయదండీ."

"కొత్తది పెట్టుకోకుండా ఊరుకుంటే?"

ఎగాన్ కేకుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అబద్ధం ఆడటం ఆయన వల్ల కాదు. ఊరుకోండి అని చెప్పడం అంతకంటే కాదు. ఊళ్ళో రొట్టెల కొట్టంతా సాక్ష్యం.

"ఊరుకుంటే పనిచేస్తుంది," అన్నాడు చివరికి, ఎవరో పన్ను పీకుతున్నట్టు.

"అయితే ఇది నాకోసం కాదన్నమాట."

"కాదండీ. నాకోసమే. ఫ్యాక్టరీది ఇంకేమీ మిగల్లేదు. అదొక్కటే ఉంది. అది కూడా పోతుంటే చూస్తూ కూర్చోలేకపోతున్నా."

మెర్క్లె గారు కొట్టం వైపు చూసింది. ఆవిడ పోయిన భర్త కూడా ఆ ఫ్యాక్టరీలోనే పోత పని చేసేవాడు. గానుగ దగ్గరున్న కాటా పళ్ళెం ఆయన చేతి మీదుగా వచ్చిందే. అందుకే దాన్ని రోజూ తీగ ఊడదీసి మరీ కడుగుతుంది.

"ఇంతకీ దానికొచ్చిన రోగమేంటి?" అంది.

ఎగాన్‌కి ప్రాణం లేచొచ్చింది. డ్రైవర్‌లో ఒక టైమర్ ఉంటుంది, అది ఆగకుండా వచ్చి బరువెంత అని అడిగిపోతుంటుంది, తీగ పీకగానే డ్రైవర్ తానున్న మెమరీని ఖాళీ చేసి పోతుంది, కానీ ఆ కబురు టైమర్‌కి చెప్పదు, అది మళ్ళీ ఆ ఖాళీ గదికే వచ్చి తలుపు కొడుతుంది, అప్పటికి అందులో ఇంకెవరో ఉంటారు, దాంతో మిషనంతా బిగుసుకుపోతుంది, అని కేకు లేని చేయి తిప్పుతూ వివరించాడు.

మెర్క్లె గారు తలుపుకి జారబడి శ్రద్ధగా వింది.

"అంటే మనిషి ఇల్లు ఖాళీ చేసి పోయాడు. అయినా వాడి తలుపు దగ్గరికే పోయారు."

"అదేనండీ, సరిగ్గా అదే."

"పలక పట్టుకుని."

ఎగాన్ చేయి గాల్లో అలాగే ఉండిపోయింది.

"ఎవరు రాస్తే వాళ్ళలాగే ఉంటుంది లెండి," అంది ఆవిడ. "కడగడానికి తీగ పీకితే మిషను చస్తోందని నేను ఏనాడో చెప్పా. పీకొద్దన్నారు మీరు. మురికి కాటా మీద జనం తినే పండు తూచమన్నారు. సరే, శనివారం గానుగ దగ్గరికి రండి. ఊరికే నా పేరు రాసివ్వను, చెబుతున్నా. కళ్ళారా చూసి, బాగుంటేనే. ఈలోగా ఈ వారం పలక మీ తలుపుకే ఉంది, మెట్లు ఊడవండి. అదీ చూస్తా." అని కేకు మాత్రం తీసుకుని తలుపు వేసుకుంది.

శనివారం కొట్టంలో జాతరలా ఉంది. సంచులు, తోపుడుబళ్ళు, కందిరీగలు, రసం వాసన. ఎగాన్ సెమీకోలన్ పెట్టిన ప్యాచ్‌తో కెర్నెల్ మార్చి, కాటా ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. మెర్క్లె గారు ఒక సంచి కాటా మీద పెట్టించింది. అంకెలు పరుగెడుతుండగానే, ఇంకా కుదురుకోకుండానే, ఫట్‌మని తీగ పీకింది.

కంప్యూటర్ బిగుసుకుపోయింది.

వరుసలో ఎవరో ఈల వేశారు. మెర్క్లె గారు ఎగాన్ వైపు ఒక చూపు చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేది. ఆయన అక్కడే ఆపిల్ పెట్టె మీద కూలబడి, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తన రెండో వరస కేసి అలా చూస్తూ ఉండిపోయాడు. చూడగా చూడగా తెలిసింది. టైమర్‌ని ఆగమన్నాడు గానీ, అది నిజంగా ఆగేదాకా నిలబడలేదు. అప్పటికే గుమ్మం దాటి లోపలికి వచ్చేసిన టైమర్‌కి ఆ మాట వినబడదు. ఆగమని చెప్పి, ఆగిందని తేలాకే గది ఖాళీ చేయాలి. కొత్తవాడెవడైనా ఈ తప్పు చేస్తే చావడిలో తోలు తీసి ఉండేవాడు.

దిద్దాడు. దిద్ది ఇన్‌స్టాల్ చేయబోతుంటే, ఈసారి బిల్డ్ చేసి చూసుకున్నారా అని అడిగింది మెర్క్లె గారు. రోస్‌విటా ఎప్పుడో కప్పు సంగతి చెప్పేసినట్టుంది. బిల్డ్ చేశాడు. ఒక అమరికతో కాదు, టైమర్ ఉన్నదీ లేనిదీ, పాత కంపైలర్, కొత్త కంపైలర్, అన్నిటితో. ల్యాప్‌టాప్ వేడెక్కి మూలిగింది. వరుసలో జనం గొణిగారు. మెర్క్లె గారు గొణిగినవాళ్ళకల్లా పోయినేటి పులిసిన రసం పోసింది. కాసేపటికి ఎవరికీ తొందర లేకుండా పోయింది. ఈల వేసినవాడు పాట అందుకున్నాడు.

ఆవిడ మళ్ళీ తీగ పీకింది. కంప్యూటర్ ఆగలేదు. పెట్టింది, పీకింది. నిండు సంచితో పీకింది, ఖాళీ పళ్ళెంతో పీకింది, నీళ్ళు పోసి పళ్ళెం కడుగుతూ పీకింది. మెట్ల కమ్మీ మీద తెల్ల గుడ్డ రుద్ది చూసే మనిషి ఆవిడ, ఊరికే వదులుతుందా? చివరికి తడి చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని, "బాగుంది," అంది. ఆ ప్రాంతంలో అంతకంటే పెద్ద పొగడ్త లేదు. ఎగాన్ కళ్ళు తుడుచుకుని, నెపం కందిరీగల మీదికి నెట్టాడు.

దిద్దిన ప్యాచ్‌ని అక్కడికక్కడే చావడికి పంపాడు. ఇక మిగిలింది ఆవిడ మాట అక్కడికి చేరడం. అక్కడ తల ప్రాణం తోకకొచ్చింది. చావడి ఉత్త అక్షరాల ఉత్తరాలే పుచ్చుకుంటుంది. బొమ్మలు, రంగులు, అలంకారాలు ఉంటే గడపలోనే తిప్పికొడుతుంది. మెర్క్లె గారి ఫోనేమో రాసిన ప్రతి మెయిల్ కిందా గానుగ ఫోటో, ఎర్ర ఆపిళ్ళ తోరణం పెడుతుంది. వెళ్ళింది, తిరిగొచ్చింది. మళ్ళీ పంపింది, మళ్ళీ తిరిగొచ్చింది. నా ఉత్తరానికి మురికేమన్నా అంటిందటా అని ఆవిడ మండిపడింది. ఫోను ఇలా ఇవ్వండి అంటే ససేమిరా అంది. పోనీ మీ బదులు నేను పంపనా అని ఎగాన్ అడగలేడు. ఒకరి సాక్ష్యం ఇంకొకరు రాస్తే అది దొంగ సాక్ష్యమే. చివరికి గానుగ కంప్యూటర్ ముందు ఆవిడ కూర్చుంది. ఎగాన్ చేతులు వెనక్కి కట్టుకుని, ఏ మీట నొక్కాలో చెబుతూ, ఏం రాస్తోందో చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు మెయిల్ చావడిలో కనిపించింది. ఇలా ఉంది:

"నా పేరు గెర్లిండె మెర్క్లె. ఆపిల్ గానుగ నడుపుతాను. కాటా మీద సంచి ఉండగా తీగ పీకాను. మొదట మిషను ఆగిపోయింది. ష్వెంక్ గారు దిద్దారు. తర్వాత అలిసిపోయేదాకా పీకాను, ఆగలేదు, తూకం తేడా రాలేదు. పరీక్షించినది నేనే. ఈ కాటా పళ్ళెం పోతపోసింది మా ఆయన. దీన్ని తీసేయకండి. ష్వెంక్ గారు మెట్లు కూడా ఊడ్చారు, కానీ సెల్లారు మెట్ల కింద మూల ఊడవలేదు. అక్కడ బూజు ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు, రాశాను."

ఫెమ్కె జవాబు ఆ మధ్యాహ్నమే వచ్చింది. తీసేసే ప్యాచ్‌ని వెనక్కి తీసుకున్నానని, ష్వెంక్ గారి ప్యాచ్‌ని కెర్నెల్‌లో చేర్చానని, ఇంత నిజాయితీగల పరీక్ష నివేదిక తానెప్పుడూ చూడలేదు కాబట్టి ప్యాచ్ పక్కన ఒక్క అక్షరం తగ్గకుండా దాన్నీ చేర్చానని రాసింది.

ఎగాన్ దాన్ని చదివి, మళ్ళీ చదివి, మేజా మీద తల పెట్టుకున్నాడు. కెర్నెల్ చరిత్రలో ఒకసారి చేరిన మాటని బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు. డ్రైవర్ ఉంది. ఫ్యాక్టరీ పేరు ఉంది, తన పేరు ఉంది, మెర్క్లె గారి పేరు ఉంది, పళ్ళెం పోసిన మనిషి ఉన్నాడు. బూజు కూడా ఉంది. లోకంలో కెర్నెల్ ఉన్నన్నాళ్ళూ ఎగాన్ ష్వెంక్ సెల్లారు మూల ఊడవని మనిషిగానే ఉంటాడు. రోస్‌విటా పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి ఎగాన్‌కీ నవ్వొచ్చింది, నవ్వుతూనే చీపురు కోసం వెతికాడు.

సెల్లారు మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని మూల ఊడ్చాడు. బూజు తీశాడు, తడిగుడ్డ పెట్టాడు, టార్చి వేసి చూసుకున్నాడు. పైకొచ్చి తన తలుపు మీద పలక తీశాడు. పాత అలవాటు కొద్దీ పై వాటా మెట్లు ఎక్కబోయాడు. రెండో మెట్టు మీద ఆగిపోయాడు. పైన ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది.

వెనక్కి తిరిగి కిందికి దిగి, మెర్క్లె గారి గంట కొట్టాడు. తలుపుకి తగిలించి పోలేదు. లోపల బూట్ల చప్పుడు వినిపించేదాకా, తలుపు తెరుచుకునేదాకా, ఆవిడ రెండు చేతులతో పలక అందుకునేదాకా నిలబడ్డాడు.

ఆవిడ పలకని చూసింది, సెల్లారు వైపు చూసింది, ఆయన మోకాళ్ళ మీది దుమ్ము చూసింది.

"ఇదీ దిద్దుకున్నారన్నమాట. మీ వాళ్ళకి రాయనా?" అంది.

"రాయండి మెర్క్లె గారూ," అన్నాడు ఎగాన్. "తోరణం మాత్రం పెట్టకండి."